సగం మిగిలిన చిలక

కరోనాకు ముందటి ఏడాది వేసవి. ఎమ్మిగనూరులో మగ్గం నేసే దస్తగిరి ఇంటి ముందుగది. ఆదోని నుంచి నేను బస్సు దిగానంటే చచ్చిన కంప్యూటరు కూడా లేచి సలాము కొట్టేది. కంప్యూటరును నడిపించే లినక్సును తయారుచేసినవాళ్లలో నేనూ ఒకణ్ణని ఆ వీధిలో చెప్పుకున్నాను. అబద్ధం. ఒక పుస్తకంతో ఊరికే వచ్చిన సీడీ పెట్టి, మూడుసార్లు చెడగొట్టి నేర్చుకున్నవాణ్ణి.

దస్తగిరి తండ్రి గళ్ల కాగితాల మీద గీసిన చీర డిజైన్లు డెబ్భై దాకా ఉండేవి. అంతకు రెండేళ్ల ముందు వాటిని స్కాన్ చేసి కంప్యూటరులోకి ఎక్కించింది నేనే. "ఇంకా ఈ కాగితాలెందుకప్పా, చెదలకు మేత" అన్నదీ నేనే. అతను వాటిని నీళ్ల పొయ్యిలో పెట్టాడు.

ఆ వేసవిలో, మగ్గానికి డిజైను అందించే జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టే కొత్త యంత్రం తెచ్చుకున్నాడు. దాని ప్రోగ్రాము నడవాలంటే ఒక లైబ్రరీ, అంటే నాలుగైదు ప్రోగ్రాములు కలిసి వాడుకునే సరంజామా, కొత్త వెర్షన్‌ది కావాలి. డిజైన్లు తెరిచే ప్రోగ్రాముకేమో పాత వెర్షనే కావాలి. ఇలా ఒక ప్రోగ్రాము ఇంకొకదాని మీద ఆధారపడడాన్ని డిపెండెన్సీ అంటాం. కొత్తది ఎక్కిస్తే పాతది చెడుతుందని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"ఏందన్నా అది, ఎర్రగా అరుస్తాండాది?"

"కొత్త కోడలొస్తే అత్త అరవదా? సర్దుకుంటాది."

"పాత పడుగుకు కొత్త పడుగు ముడేసేటప్పుడు పోగుల లెక్క కుదరకపోతే మేము ఆడికే నిలిపేస్తామన్నా. గుంజితే తెగుతాది."

"ఇది మగ్గం కాదప్పా, లినక్సు. నువ్వు పోయి టీ చెప్పు."

అతను టీకి పోయాడు. నేను ఫోర్స్ అని కొట్టాను. వద్దన్నా వినకుండా ఎక్కించమని దానర్థం. డిజైన్ల ప్రోగ్రాము తెరుచుకుంది! నా గొప్ప చూపించడానికి డిజైన్లన్నిటినీ ఒక్కసారే తెరిచి, మళ్లీ సేవ్ చేశాను. టీ తాగి చూస్తే ప్రతి బొమ్మకూ ఎడమ సగమే ఉంది. కుడి సగం తెల్లగా ఉంది. పాత ఫైళ్ల మీదే రాసేశాను. వేరే నకలు తీసిపెట్టలేదు.

"మా నాయన గీసిన చిలకకు తల యాడికి పోయెనన్నా?"

"ఉన్న సగాన్ని తిప్పి ఆ పక్కన అతికిద్దాం."

"ఉండేది తోక. తోకను తిప్పితే తల వస్తాదా అన్నా?"

ఈ కథను ఆదోనిలో చెప్పినప్పుడల్లా హార్డ్‌డిస్కు కాలిపోయిందనీ, ఆ పొగలోంచే సగం డిజైన్లు కాపాడాననీ చెప్పేవాణ్ణి. దస్తగిరికి చెప్పింది ఇంకా హీనం. "లోపం నీ కొత్త యంత్రంలోనే ఉండాది" అన్నాను. అతను నమ్మాడు. దాన్ని తిప్పి పంపి, "నాదే తప్పన్నా, కొత్తదానికి ఆశపడితి" అని నాకే క్షమాపణ చెప్పుకున్నాడు.

ఏం నేర్చుకున్నావంటారా? లెక్క కుదరనప్పుడు గుంజకూడదని. అది నా ముందే, నా వృత్తి తెలియనివాడు చెప్పాడు. నేను టీకి పంపాను.

నిరుడు మళ్లీ వెళ్లాను. దస్తగిరి శుక్లాలు కమ్మిన కళ్లను గళ్ల కాగితానికి దాదాపు ఆనించి, చిలక తలను జ్ఞాపకం మీద గీస్తున్నాడు.

"ముక్కు ఇట్లనే ఉండె కదన్నా? కంప్యూటర్లోకి ఎక్కించినోనివి, నీకు గుర్తుంటాది."

"ఇట్లనే ఉండె" అన్నాను.

ఆ చిలక తలను నేను ఒక్కసారి కూడా చూడలేదు. కాగితాలు స్కానరులో పెడుతున్నంతసేపూ గుమ్మంలో నిలబడ్డవాళ్లకు నా గొప్పలు చెబుతూనే ఉన్నాను.