గాజు కిటికీల పడవ

రాయపూర్ దగ్గర సిల్తారాలో ఒక ఇనుప ఫ్యాక్టరీలో కొలిమి పేలినప్పుడు రఘు ఎడమ చెయ్యి కాలిపోయింది. పక్కనే ఉన్న స్నేహితుడు సత్తిరాజు ప్రాణమే పోయింది. చెయ్యి మానాక కూడా రఘును మళ్లీ పనిలోకి రానివ్వలేదు. శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వచ్చి రాయపూర్‌లో స్థిరపడ్డ బంధువు కొండలరావు ఊరంతా తిరిగి ఒక పని చూసిపెట్టాడు. ఊరవతల చెరువు గట్టుకు కట్టేసి ఉండే షికారు పడవకు కాపలా. రాత్రిళ్లు అందులోనే పడుకోవాలి. రఘు, భార్య ఊర్మిళ ఊళ్లో మోవాలోని అద్దె గది ఖాళీ చేసి పడవెక్కారు.

పడవ మీద గది చిన్నది, చుట్టూ గాజు కిటికీలే. చీకటి పడ్డాక లైటు వేస్తే ఊర్మిళకు బయట ఏమీ కనబడేది కాదు. అద్దాల్లో తన మొహమే కనబడేది. అంచేత బయటివాళ్లకు తానూ కనబడననుకుంది.

గట్టు మీద గుప్‌చుప్ అనే పానీపూరీల బండి పెట్టుకునే పూర్ణిమ ఒకరోజు ఆమెను పక్కకు పిలిచింది.

"దీదీ, లైటేసుకుని చీర మార్చుకోకు. కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని ఇక్కడే నిలబడుతున్నారు."

ఊర్మిళ పైట భుజాల చుట్టూ లాక్కుంది. ఎన్నాళ్లనుంచి చూస్తున్నారో, ఆ ఫోన్లలో ఏముందో!

ఆ సాయంత్రం కిటికీలన్నిటికీ పాత చీరలు కట్టింది. రఘు లోపలికి వచ్చి క్షణం నిలబడ్డాడో లేదో, ముచ్చెమటలు పోశాయి. చీరలన్నీ లాగి పారేశాడు.

"గట్టు మీంచి సూస్తన్నారంట మావా."

"నీళ్ల మీద మనల్నెవడు సూస్తాడే? అంతా బక్వాస్!"

అప్పట్నుంచి ఊర్మిళ లైటు వెయ్యడం మానేసింది. చీకట్లోనే చీర మార్చుకునేది. గట్టు మీద నడుస్తుంటే తలెత్తబుద్ధయ్యేది కాదు.

మాటలతో రఘు నమ్మడని తెలిశాక, ఒక సాయంత్రం లైటు వేసి, కూరగాయలకని చెప్పి గట్టెక్కి వెనక్కి తిరిగి చూసింది. గది దీపంలా వెలుగుతోంది. రఘు చొక్కా విప్పాడు. కాలిన చేతికి నూనె రాసుకున్నాడు. సీసా మూత జారిపోతే మంచం కింద వెతికాడు. తర్వాత తువ్వాలులో మొహం దాచుకున్నాడు. భుజాలు అదిరిపోతున్నాయి.

ఆస్పత్రిలో కట్లు విప్పినప్పుడు కూడా ఆమె ముందు అతను కంటతడి పెట్టలేదు.

అతను ఏడుస్తున్నాడని పక్కనున్న ఇద్దరు కుర్రాళ్లు నవ్వారు. "అరే, రో రహా హై!"

ఊర్మిళ వాళ్ల మీద విరుచుకుపడింది. వాళ్లు బైకెక్కి పోయారు. తనను చూశారన్నప్పటికంటే వాళ్లు అతన్ని చూసి నవ్వడమే ఆమెను ఎక్కువ కోసింది.

పడవలోకి వచ్చేసరికి రఘు మొహం కడుక్కుని కూర్చున్నాడు.

"చొక్కా ఇప్పావు, నూనె రాసుకున్నావు," అంది. "మూత పడిపోతే మంచం కింద ఎతికావు. గట్టు మీంచి అన్నీ కనబడ్డాయి."

రఘు మొహం పాలిపోయింది. "ఇంకేటి సూసావు?"

"ఇంకేటీ నేదు."

అతను ఆమె కళ్లలోకి చూసి తల దించుకున్నాడు. కాసేపటికి లేచి, తానే పెట్టెలోంచి చీర తీశాడు.

"పైన కొంచెం వదిలేద్దామే. అంతా మూసేస్తే కొలిమి కాడున్నట్టే ఉంటాది నాకు."

అతను చీరలు లాగేసింది గాలాడక కాదు, భయంతోనని ఊర్మిళకు అప్పుడే తెలిసింది. చీరను అడ్డంగా చింపి, పైన జానెడు వదిలి తాడు కట్టారు. ఎడమచేతి వేళ్లు ముడి వెయ్యలేక జారిపోతుంటే ఆమె అందుకుంది.

"సత్తిరాజు నిద్దర్లో పిలుస్తన్నాడే," అన్నాడు రఘు, తాడు వదలకుండానే.

ఆమె ముడి బిగించి, అతని పక్కన కూర్చుంది.

తాళ్లు చూసి పడవ యజమాని సణిగితే, పొద్దున్నే విప్పి సాయంత్రం కట్టుకునేవారు. వానలు మొదలయ్యేలోపు రఘుకు ఒక గోదాము దగ్గర కాపలా పని దొరికి, మళ్లీ మోవాకు వచ్చేశారు. ఆ ఫోన్లలో ఏముందో ఊర్మిళకు ఎప్పటికీ తెలియలేదు. ఇప్పటికీ బస్సులో ఎదురుగా ఎవరైనా ఫోను పైకెత్తితే, ఆమె చెయ్యి చప్పున పైట మీదికి పోతుంది.