మా మేనత్తకు నచ్చని పాట

మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీ ఆఫీసులో బిల్లులు టైపు చేసే రోజుల్లో నేను ఒకతన్ని ప్రేమించాను. గిద్దలూరులో సెల్‌ఫోన్ల షాపులో పనిచేసేవాడు. బస్సులో నా పక్కన ఎవరు కూర్చున్నారో ఫొటో తీసి పంపమనేవాడు. పంపితే, ఆ ముసలాయన నీ వైపే ఎందుకు చూస్తున్నాడని గొడవ పెట్టుకునేవాడు. కోపమొస్తే వారం పాటు ఫోన్ ఎత్తడు. ఆ తర్వాత ఏడుస్తూ తనే చేస్తాడు, నేను కరిగిపోతాను. విడిపోవడమూ కలవడమూ మాకు అలవాటైపోయింది.

ఆఖరిసారి విడిపోయాక నేను అన్నం మానేసి పాటలు పట్టుకున్నాను. అన్నీ ఒకటే రకం. ఆమె ఎంత బాధపెట్టినా సరే, ఆమె వీధిలోనే తిరుగుతానని ఎవడో ఒకడు ఏడుస్తుంటాడు. సంగతేమిటో తెలియని మా అమ్మ, నాలుగు రోజులు గాలి మారితే తిండి తింటానని నన్ను దొనకొండ దగ్గర పల్లెలో ఉండే మా మేనత్త ఇంటికి పంపింది.

అత్తా మామలకు కాస్త పొలం, ఒక గొర్రెల మంద ఉన్నాయి. నేను వెళ్లేసరికి మిరపకాయలు ఇంటికి చేరాయి. అత్త నన్ను పంచలో రాశి ముందు కూర్చోబెట్టి తొడిమలు తుంచమంది. నాకు అదే నయమనిపించింది. ఆ ఘాటులో ఎంత ఏడ్చినా ఎవరూ కారణం అడగరు. ఫోనుకు చిన్న స్పీకరు కలిపి నా పాటలు పెట్టుకున్నాను.

మొదటి రోజు అత్త తొడిమలు తుంచుతూ పాటలన్నీ వింది. మరుసటి రోజు చేతిలో కాయ పట్టుకుని అడిగింది.

"ఆ పిల్ల ఇంటి ముందర నిలబడి ఏడుస్తా ఉండాడు గదా, వాళ్లోళ్లు ఎవరూ వచ్చి తీసుకపోలేదా?"

అది ఉత్త పాటేనని చెప్పాను. పాటైతే మాత్రం మనిషికి తల్లీతండ్రీ ఉండరా అంది.

అప్పటి నుంచి ప్రతి పాటా ఆమెకు ఒక పంచాయితీ అయింది. ప్రియురాలు విషమిచ్చినా తాగుతానని ఒకడు పాడితే, తెలిసి తెలిసి ఎందుకు తాగడమని నన్ను నిలదీసింది. ఏడు జన్మలు నీతోనేనని ఇంకొకడు పాడితే, ఒక్క జన్మకే మీ మామతో నా నడుము పోయిందని చెప్పింది. సాయంత్రం మామ గొర్రెలను దొడ్లోకి తోలి రాగానే ఆ పూట విన్న కష్టాలన్నీ ఆయనకు అప్పజెప్పేది. మామ కాళ్లు కడుక్కుంటూ, ఏ ఊరి పిల్లోడని అడిగేవాడు.

అయినా పాటలు ఆపమని ఆమె ఎన్నడూ అనలేదు. కాస్త ఆలస్యమైతే, గోడకు తల కొట్టుకునేవాడిని పెట్టమని తనే అడిగేది. వీడు మనసారా ఏడ్చినాడనీ, వాడు కడుపునిండా తిని ఏడుస్తున్నాడనీ తీర్పులు కూడా చెప్పేది.

ఒక మధ్యాహ్నం మిరపకాయల చేయి కంటికి తగిలి, మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. అంతలో పాట ఆగి గిద్దలూరు నుంచి అతని ఫోన్ వచ్చింది. తెర మీద ఏదో వెలుగుతుంటే పాటే అడ్డం తిరిగిందనుకుని అత్త దాన్ని నొక్కింది. నేను తడి మొహంతో గడప దగ్గరికి వచ్చేసరికి స్పీకరులో అతని గొంతు పంచంతా వినబడుతోంది. నేను లేకపోతే బతకలేడట. తప్పంతా తనదేనట. నేను ఆఫీసు మానేసి, నంబరు మార్చుకుంటే ఇక ఏ గొడవా ఉండదట. చెబుతూ చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

అత్త తొడిమలు తుంచుతూ శ్రద్ధగా వింది. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగాక నా వైపు తిరిగింది.

"పాపా, ఇది బాగలేదు. ఏడుపు కుదరలేదు ఈనికి. ఇంకోటి పెట్టు."

స్పీకరు టక్కున ఏడుపు ఆపింది. తర్వాత ఎవరు మాట్లాడేదని అడిగింది. అత్త ఉలిక్కిపడి, "ఏంది, నన్నే అడుగుతాండాడు," అంది.

నాకు ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. ఆపుకోలేక గడప మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు అతనికి వినబడే ఉంటుంది, ఫోన్ పెట్టేశాడు.

ఇక దాచేదేముందని మొత్తం అత్తకు చెప్పాను. ఆమె తిట్టలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని తీర్పు చెప్పింది.

"పాటలోని వాళ్లు వాళ్ల తల కొట్టుకుంటారు పాపా. ఈడు నీ తల కొట్టుకోమంటాండాడు."

ఆ రాత్రి రెండోసారి కూడా అన్నం పెట్టించుకున్నాను.

అతను ఆ తర్వాత కూడా కొన్నిసార్లు ఫోన్ చేశాడు. గొంతు వినగానే, ఏడుపు కుదరలేదన్న మాట గుర్తొచ్చి నేను నవ్వు బయటికి రాకుండా నోరు నొక్కుకునేదాన్ని. చివరికి అతనే మానుకున్నాడు. బెంగ మాత్రం ఒక్కసారిగా పోలేదు. మార్కాపురం తిరిగి వచ్చాక కూడా కొన్ని నెలలు ఫోన్ మోగితే అతనేనేమోనని పరుగెత్తి చూసేదాన్ని. మెల్లగా అదీ తగ్గింది.

స్పీకరు అత్త దగ్గరే ఉండిపోయింది. పాటలు పెట్టడం ఇప్పుడు మామ నేర్చుకున్నాడు. మొన్న ఫోన్ చేసి, ఈ మధ్య వచ్చేవాటిలో డప్పులే ఎక్కువున్నాయనీ, ఏడ్చేవాళ్లు కరువైపోయారనీ అత్త దిగులుపడింది.