వేట ఆగిన నెలల్లో మంచె ఎక్కినవాళ్లు

మా చిన్నప్పుడు... తొలకరి పడిందంటే చాలు, మా చిన్నాయన కుందేళ్ల వల చుట్టి దూలానికి వేలాడగట్టేవాడు. దసరాకు పూజ చేసి దింపేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. వేట తప్పని సర్కారు చట్టం అప్పటికే వచ్చిందట... మా ఊరికి బస్సే రాలేదు, చట్టం ఎలా వస్తుంది!

ఆ నెలల్లో గాదెలో గింజలు అడుగంటేవి. పొద్దున గంజి, మాపటికి చింతపులుసు. చిన్నాయన జొన్నచేలో మంచె ఎక్కి కాపలా కూర్చుంటే కిందనుంచే కుందేలు బరువుగా నడిచిపోయేది. చిన్నమ్మ ప్రాణం ఉసూరుమనేది.

"ఒక్కటంటే ఒక్కటి కొట్టరాదయ్యా... పోరగాండ్ల మొకాలు జూడు."

"కడుపుతోనున్నదే అది. ఎంతసేపన్న సూడు, ఎవలొద్దన్నరు? కొట్టుడు మాత్రం దసరా దాటినంకనే."

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే నేను మంచె కింద చేరి నక్కలా ఊళ పెట్టేవాణ్ణి. ఉలిక్కిపడి లేచి గాలిలోకి వడిసెల తిప్పేవాడు పాపం. నేను ఎనిమిదో తరగతి తప్పింది ఆ ఊళల సాధనవల్లేనని మా నాయన చచ్చేదాకా నమ్మాడు.

చదువు అబ్బలేదు గానీ గరిటె అబ్బింది. దాన్ని పట్టుకునే జర్మనీ వచ్చి పడ్డాను... పాడర్‌బోర్న్ పక్కన ఒక పల్లె. కరోనా వచ్చిన మొదటి వసంతంలో నేను వండే రెస్టారెంట్ మూతపడింది. వంటవాడికి పొయ్యి లేకపోతే బుర్రలో ఏవేవో ఉడుకుతాయి.

మా కింది వాటాలో వెర్నర్ అనే ముసలాయన ఉండేవాడు. పాత వేటగాడు. ఇక్కడా వేటకు విరామం ఉంటుందని ఆయనే చెప్పాడు... షోన్‌జైట్ అంటారు. ఒక్కో జంతువుకు ఒక్కో గడువు, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో తేదీ. మావైపు ఏప్రిల్ అంతా జింక జోలికి పోకూడదు, మే నెల రావాలి. చిన్నాయన నోటిమాటగా చెప్పింది వీళ్లు అచ్చేసుకున్నారు, అంతే తేడా.

ఆయన భార్య హెల్గా ఊరి చివర వృద్ధాశ్రమంలో ఉండేది. మతిమరుపు. వెర్నర్ రోజూ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు. కరోనా రాగానే తలుపులు మూసేశారు. ఫోన్ చెవికి పెడితే ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలియదట. "నా ముఖం కనపడకపోతే నన్ను మర్చిపోతుంది" అని మెట్లమీద కూర్చుని ఏడ్చాడు.

ఆమె గది పై అంతస్తులో. కింద నిలబడితే ఏపుగా పెరిగిన కంచె అడ్డం. అప్పుడు నా బుర్రలో నక్క ఊళ పెట్టింది... ఏప్రిల్ కదా, ముసలాయన మంచె అడవిలో ఖాళీగానే ఉంది కదా!

వాళ్ల మంచె అంటే పొడుగు నిచ్చెన పైన కుర్చీ బిగించినట్టుంటుంది. దాన్ని తేవడానికి మా పై వాటాలో ఉండే సాఫ్ట్‌వేర్ రజితను లాగాను. నా వచ్చీరాని జర్మన్‌కు ఆమే దిక్కు.

"ఏందన్నా గిది! ఇద్దరికి మించి కలవొద్దంటుంటే నువ్వు నిచ్చెన మొయ్యమంటున్నవు. నా బ్లూకార్డ్ వీసా అపాయింట్‌మెంట్ దగ్గర పడ్డది, తెల్సా?"

"నిచ్చెనను గూడ మనిషి కింద లెక్కగడ్తరా చెల్లె? ఆ కొస పట్టు."

ఆశ్రమం ఎదుట ఉన్న పొలం వెర్నర్ స్నేహితుడిదే. గట్టుమీది చెట్టుకు ఆనించి కట్టాం. వెర్నర్ ఆకుపచ్చ వేటకోటు, టోపీ వేసుకుని ఎక్కాడు. తుపాకి లేదు... మెడలో దుర్భిణి మాత్రం. కిటికీలోంచి హెల్గా ఎవరో అన్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత తన మణికట్టును వేలితో తట్టి చూపించింది.

ముసలాయన పైనుంచే ఏదో అన్నాడు. రజిత కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "వేటకు పోయి లేటుగొస్తే గట్లనే తిడ్తుండెనట అన్నా..."

అప్పటినుంచి రోజూ ఎక్కాడు. ఆమె కూడా కుర్చీ కిటికీకి జరిపించుకుని ఎదురు చూసేది.

ఊరన్నాక పుణ్యాత్ములకు కొదవా? షోన్‌జైట్‌లో ఒక వేటగాడు మంచెక్కి జింకలకు కాపు కాస్తున్నాడని ఎవరో ఫోన్ కొట్టారు. ఒక ఆఫీసరు వచ్చాడు.

"తుపాకి ఎక్కడ?"

"ఇంట్లో బీరువాలో. తాళం వేసి."

"మరి ఏం చూస్తున్నారు?"

వెర్నర్ చెయ్యెత్తి కిటికీ చూపించాడు. ఆఫీసరు అటు చూశాడు... మాస్కు సర్దుకున్నాడు... సాయంత్రంలోపు తీసెయ్యమన్నాడు.

"బతిమాలు చెల్లె" అన్నాను.

"బతిమాలిన అన్నా. రూల్ రూలే అంటుండు."

సాయంత్రందాకా కూర్చున్నాడు. మెల్లగా దిగుతుంటే, ఎక్కడికి పోయాడా అని ఆమె అద్దానికి నుదురు ఆనించి కిందికి వెతికింది.

ఆ తర్వాత కొన్నాళ్లు రోజూ కిటికీ దగ్గరే కూర్చుందట. ఒకరోజు కుర్చీని గోడవైపు తిప్పమందట. నర్సు చెప్పింది. హెల్గా ఏప్రిల్ దాటకుండానే పోయింది.

మే వచ్చింది, జింకల వేట తెరిచారు. వెర్నర్ బీరువా తాళం తియ్యలేదు. "నిచ్చెన అడవికి మోసుకుపోదామా?" అని అడిగితే "ఉండనీ" అన్నాడు. ఆ సాయంత్రం విప్పి తెచ్చి పడేసిన పెరట్లోనే దానిమీదుగా గడ్డి పెరిగింది.

ఇప్పుడు మా ఊళ్లో జొన్నచేలు లేవు, అంతా పత్తి. కుందేళ్లే లేవు, ఇక ఆపడానికి వేటెక్కడిది... ఇక్కడేమో ఏటేటా తేదీలు అచ్చవుతూనే ఉన్నాయి, ఏ రోజు మూత, ఏ రోజు తెరుపు అని. ఆ వసంతంలో వెర్నర్‌కు మాత్రం ఆశ్రమం తలుపు ఎప్పుడు తెరుస్తారో చెప్పిన నాథుడు లేడు.

మీవైపు వేట ఎప్పుడు ఆపేవారు? ఆ కరోనా రోజుల్లో మీరు ఎవరిని దూరంనుంచే చూసి రావలసి వచ్చింది? కింద రాయండి... ఈ ఒక్కసారికి ఎవరినీ ఆటపట్టించను.