వేరు గదిలో గాజుల అవ్వ

గజ్జి మాటెత్తితే చాలు, ఇప్పటికీ నాకు వేళ్ళ సందున దురద పుడుతుంది. అరవైల మొదట్లో, నెల్లూరు దాటి సముద్రం వైపున్న ఒక చిన్న ఆసుపత్రిలో నేను కొత్త నర్సుని. ఆడవాళ్ళ వార్డులో ఒకరి తర్వాత ఒకరు గోక్కోవడం మొదలుపెట్టారు. ఆయాలకూ అంటింది. ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతికితే చివరి మంచం దగ్గర తేలింది. అక్కడున్నది ఊరూరా తిరిగి గాజులు తొడిగే ముస్లిం అవ్వ. ఒళ్ళంతా పెచ్చులు కట్టిన ఆమెకు మాత్రం దురదే లేదు. అందరూ గీరుకుంటుంటే తాను నిమ్మళంగా కూర్చునేది. ఆమెను చూస్తే నాకు భయమేసేది.

డాక్టరమ్మ ఆమెను వెనక గదిలోకి మార్పించింది. దుప్పట్లు, బట్టలు ఉడకబెట్టించాం. నేను రబ్బరు తొడుగులు వేసుకుని తల నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద కూడా మందు పూసి, పని కాగానే బయటపడేదాన్ని. ఇంటివాళ్ళు కిటికీ అవతల నుంచే పలకరించి పోయేవారు. అవ్వ దిగులంతా ఒక్కటే, బయటికి పోయాక ఆడవాళ్ళు తనకు మళ్ళీ చెయ్యి ఇస్తారా అని. నయమైతే ఎందుకివ్వరని గట్టిగా చెప్పేదాన్ని. చెప్పడానికేం, నోరేగా.

ఒక మిట్టమధ్యాహ్నం, వార్డంతా కునుకు తీస్తున్న వేళ, ఆ గదిలోంచి మాటలు వినిపించాయి. గుమ్మం ముందు కూర్చున్నది నేనే. లోపలికి ఎవరూ పోలేదు. కిటికీలోంచి చూశాను. అవ్వ నేల మీద కూర్చుని, ఎదురుగా ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టు, కణుపులు నొక్కుతూ గాజు ఎక్కిస్తోంది. చెయ్యీ లేదు, గాజూ లేదు.

"వదులుగా పెట్టు తల్లీ. బిగబడితే పగులుద్ది" అంటోంది.

కాసేపటికి నవ్వి, రెండో చెయ్యి అడిగింది. ఆమె వేళ్ళ మధ్య ఖాళీ ఒక సన్నని మణికట్టంత, చెదరకుండా నిలిచి ఉంది. దయ్యాలంటే నమ్మకం లేదని గొప్పలు పోయేదాన్ని, స్టూలు గుమ్మానికి దూరంగా జరుపుకుని కూర్చున్నాను.

నెల దాటాక పెచ్చులన్నీ రాలి చర్మం నున్నబడింది. డాక్టరమ్మ చర్మం కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూసి ఇక గజ్జి పురుగులేవీ లేవంది. ఇంటికి పోయే పొద్దున అవ్వ, కొడుకు తెచ్చిన కొత్త గాజులు గుడ్డలోంచి తీసి, నా ఎదుట కూర్చుని చెయ్యి చాచింది.

"నర్సమ్మా, మొదటి చెయ్యి నీదే. దుడ్లు వద్దు."

ఆమెకు నయమైందని నాకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా నా రెండు చేతులూ వీపు వెనక్కి పోయాయి. డ్యూటీలో గాజులు వేసుకోకూడదని ఏదో గొణిగాను.

అవ్వ గాజులు మళ్ళీ గుడ్డలో చుట్టుకుంది. ఆమె గొంతులో కోపం లేదు.

"పోనీలే అమ్మా. నువ్వే ఇట్ల చేస్తే, ఊళ్ళో వాళ్ళను నేనేమని అడిగేది?"