అర అంగుళం

కోదాడలో ఆ రోజు నేను ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. "అన్నా, ఇక్కడ కుట్టుకు అర అంగుళమే వదులుతారు." అంతే. చెప్పలేదు.

సూర్యాపేటలో నేను అన్నా అని పిలిచే ఆయనా నేనూ పదిహేనేళ్లు కలిసి టైలర్ షాపు నడిపాం. ఆయన వయసులోనూ పెద్ద, పనిలోనూ పెద్ద. రెడీమేడ్ దుకాణాలు పెరిగి, కుట్టించుకునేవాళ్లు రాక, 2006లో మూసేశాం. నాకు కోదాడలో స్కూలు యూనిఫాంలు కుట్టేచోట కటింగ్ పని దొరికింది. రెండు నెలలకు ఆయనా పని వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు.

ఓనరు ముందు ఒక ప్యాంటు కుట్టి చూపించమన్నాడు. బట్ట కత్తిరించింది నేనే. మా షాపులో పక్క కుట్లకు అంగుళం బట్ట లోపల వదిలేవాళ్లం, రేపు మనిషి లావైతే విప్పుకోవడానికి. ఇక్కడ బట్ట మిగలాలని అర అంగుళమే; నేను కత్తిరించిందీ ఆ లెక్కనే. ఆయన అలవాటుకొద్దీ అంగుళం లోపలికే కుట్టుకుపోతున్నాడు. నేను ఎదురుగానే ఉన్నాను. కటింగ్ నాకంటే ఆయనే బాగా చేస్తాడు. ఆయన వస్తే నా బల్ల ఆయనదైపోతుందని భయం.

రెండు పక్కలా, ముందూ వెనకా అర అంగుళం చొప్పున తగ్గి, ప్యాంటు రెండంగుళాలు బిగుతైంది.

"దీన్ని ఎక్కించాలంటే పిల్లోడికి నూనె రాయాలి మాస్టారూ!" అన్నాడు ఓనరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన మెడలోని టేపు తీసి ప్యాంటు కొలిచాడు. మళ్లీ కొలిచాడు. ప్యాంటు మిషన్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆరేళ్ల తర్వాత బియ్యం కోసం మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు వెళ్లాను. తవుడు దుమ్ములో కూర్చుని ఒకాయన దబ్బనంతో బస్తాల మూతులు కుడుతున్నాడు. కుట్టుకూ కుట్టుకూ మధ్య దూరం వెంట్రుకవాసి తేడా లేదు. ఆ చెయ్యిని గుర్తుపట్టాకే ముఖం చూశాను. ఆయనే.

"ఏంది తమ్మీ, దయ్యాన్ని సూసినట్టు సూస్తున్నవ్?"

"అన్నా... నీ మిషన్?"

"అమ్మేసిన. కోదాడల నువ్వు సూసినవ్ గదా, నా చెయ్యి పోయింది. మంది బట్టలు ఖరాబు జేసుడెందుకు? బస్తా బిగుతైతే అడిగేటోడు లేడు."

ఆయన నవ్వుతున్నాడు. ఆ రోజు పని దొరకలేదని వెళ్లిపోయాడనుకున్నాను గానీ, తన చేతినే నమ్మడం మానేశాడని నాకు తెలియదు.

దబ్బనం పట్టుకున్న ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాను.

"నీ చెయ్యి పోలేదన్నా. గాడ అర అంగుళమే వదుల్తరు. నాకు తెల్సు. నువ్వు కుడుతుంటే సూస్కుంట నిలబడ్డ, చెప్పలే. తప్పు నాది. మాఫ్ చెయ్యి."