కాగితం నమూనా, ఫోన్ నమూనా

పోయినవి ముందు లెక్కేస్తాను. బీర్కూర్‌లో ఒక అక్క పొలంలో ఎకరం పది గుంటల వరి, అంటే యాభై గుంటలు, నేలకొరిగి మొలకెత్తింది. పశువుల గడ్డి కుళ్లింది. నావి రెండు నెలల సాయంత్రాలు, పద్నాలుగు ఫోన్ తెరలు. ఆ రెండు నష్టాలనూ కూడకూడదు.

బాన్సువాడలో మా బావకు వరికోత మిషన్ ఉంది. దాని గంటలు, డీజిల్ లెక్క నేనే చూస్తాను. కోతలప్పుడు ఫోన్లు ఆగవు. రైతులే రోజు ఎంచుకునే యాప్ ఒకటి చేద్దామనుకున్నాను. ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. ముందుగా నమూనా చేశాను, అచ్చం అసలుదానిలాగే: రంగులు, బొమ్మలు, చివర పచ్చ టిక్కుతో ‘మిషన్ బుధవారం వస్తుంది’ అన్న మాట. లోపల ఏమీ లేదు. ఇది ఉత్త నమూనా అని చెప్పి మరీ రైతుల చేతికిచ్చాను. ‘మస్తున్నది’ అన్నారందరూ. ఒక్కరూ వంక పెట్టలేదు.

బుధవారం మా మిషన్ నస్రుల్లాబాద్‌లో కోస్తోంది. ఆ పచ్చ టిక్కును నమ్మి బీర్కూర్ అక్క వేరే మిషన్ మాట్లాడుకోకుండా గట్టు మీద కూర్చుంది. మర్నాడు వాన. ఆ తర్వాత ఫోన్ చేసింది.

“తమ్మీ, ఏదిరా నీ మిషిన్?”

“అక్కా, అది ఉత్తదని చెప్పిన గదా.”

“నువ్వు నోటితోని చెప్పినవ్. ఫోన్ల పచ్చగ రాసొచ్చింది. నేను దేన్ని నమ్మాలె?”



రెండోసారి పెన్సిల్‌తో కాగితాల మీద డబ్బాలు గీసుకుని వెళ్లాను. అక్కే ముందు నవ్వింది. “ఏందిరా, నీ చిన్నబిడ్డ గీసిందా?” పెన్సిల్ లాక్కుంది. “చైన్ మిషినా, టైర్ల మిషినా అని అడగవా? నా మడి తడి ఆరలే. టైర్లది దిగబడితె నువ్వొచ్చి గుంజుతవా?”

రంగుల తెరలు చూసినన్నాళ్లూ ఈ మాట ఎవరి నోటా రాలేదు. పూర్తయినట్టు కనిపించేదాన్ని మనవాళ్లు మెచ్చుకుంటారు. సగం గీసినదాన్ని తిట్టి సరిచేస్తారు. అలాగని కాగితం ఒక్కటే చాలదు. బురద వేలికి బటన్ అందుతుందో లేదో అది చెప్పదు. అందుకని ఏం కావాలో కాగితం మీద అడుగుతాను. వేలు ఎక్కడ తడబడుతుందో ఫోన్‌లో చూస్తాను. అప్పుడు పచ్చ టిక్కు పెట్టను; ప్రతి తెర మీదా ‘ఇది ఉత్తదే, మిషన్ రాదు’ అని పెద్దగా రాస్తాను.

నష్టానికి పైసలిస్తానంటే అక్క తీసుకోలేదు. “వచ్చే పంటకు గంతే భూమి కోసిపెట్టు” అంది. మా బావది టైర్ల మిషన్. పంటొచ్చాక ఆరిన ముప్ఫై గుంటలే కోయగలిగింది. తడి మడికి ఆమే చైన్ మిషన్ తెచ్చుకుంది. ఆ కిరాయి ఇస్తానంటే, “అది మీ మిషిన్ కాదు గదా” అని కొట్టిపారేసింది.

ఇరవై గుంటల కోత ఇంకా బాకీ.