కఫీల్ కార్జానికి చైనా వైద్యం

రాసుకో తల్లీ. మొదటి ముక్కే రాయి: మీ అమ్మమ్మ ఒకసారి ఒక మనిషికి వైద్యం చేసింది. కంగారు పడకు, రోగి నిక్షేపంలా ఉన్నాడు. కొంప మునిగింది డాక్టరుకే.

ఇది బహ్రెయిన్‌లో మాట, తొంభైల్లో. హమద్ టౌన్‌లో ఒకళ్ళింట్లో వంటపని నాది. ఇంటావిణ్ణి మామా అనాలి, ఇంటాయన్ని బాబా అనాలి. అక్కడ అదే పద్ధతి. ఆ బాబాయే నాకు కఫీల్ కూడాను. అంటే ఏంటో తెలీనివాళ్ళ కోసం రాయి: నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంటుంది, ఆయన ఊఁ అంటేనే నేను ఊరెళ్ళాలి. ఆ ఊఁ కోసమే ఈ భాగోతమంతా.

అప్పుడు మీ అమ్మకి నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు. పిల్ల నొప్పులు పడుతుంటే తల్లి ఎక్కడో సముద్రం అవతల ఎవరికో మాంసం కడుగుతూ ఉందంటే ఎలా ఉంటుంది చెప్పు. ధైర్యం చేసి అడిగాను, "బాబా, కూతురికి కాన్పు, సెలవు కావాలి" అని. ఆయన ఫోనులో ఎవరినో తిడుతున్నాడు. ఫోను పక్కన పెట్టి నన్ను తిట్టి, మళ్ళీ ఫోను తీసి వాణ్ణి ఆపినచోటి నుంచి అందుకున్నాడు. అలాంటి కోపం ఆయనది. వెయిటు ఊడిపోయిన కుక్కరులాగ పొద్దస్తమానం బుస్సుమంటూనే ఉండేవాడు.

ఇలా ఉండగా మామాకి మోకాళ్ళ నొప్పులొచ్చి అద్లియాలో ఒక చైనా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. సంచీ మొయ్యడానికి నన్ను తీసుకెళ్ళింది. ఆ డాక్టరమ్మకి ఇరవయ్యేళ్ళో అరవయ్యేళ్ళో చూసి చెప్పలేం. మామా మోకాళ్ళకి సూదులు గుచ్చి వదిలేసింది, దర్జీవాడు మధ్యలో టీకి వెళ్ళినట్టు. ఆ తర్వాత ఇంగ్లీషులో చాలాసేపు ఏదో చెప్పింది. దాన్ని తిరిగొచ్చేటప్పుడు కారులో మామా తన హిందీలో నాకు చెప్పింది.

"లక్ష్మీ, వసంతకాలంలో మనిషికి కార్జం పొంగుతుందంట. అది పొంగితే కోపం వస్తుందంట. పులుపు తగ్గించాలి, తియ్యటివి కాస్త తినాలి, ఆకుకూరలు బాగా తినాలి. మెడకి గాలి తగలనివ్వకూడదు. చలికాలం బట్టలు తొందరపడి తియ్యకూడదు. ఈ పూల టీ తాగాలి."

అన్నీ విన్నాను గానీ, నా బుర్రలో దిగబడింది ఒక్కటే. అది పొంగితే కోపం. మనకి కార్జం అంటే ఏంటి? ఆదివారం మేకది తెచ్చి, మిరియాలేసి వేయించుకుంటాం. అదే కార్జం మనిషి కడుపులో కూర్చుని నా సెలవు ఆపేస్తోందని అప్పటిదాకా తెలీదు నాకు.

"మామా, ఇవన్నీ బాబాకి చెప్పకూడదూ?" అన్నాను.

"ఆయనకా? డాక్టరు పేరెత్తితేనే అరుస్తాడు. నువ్వు చెబుతావా?"

నేనెందుకు చెబుతాను? చెప్పకుండా చేస్తాను. ఒక్కసారి, అదీ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని చూసిన వైద్యం. చైనావాళ్ళు ఎన్ని తరాలు నేర్చుకున్నారో గానీ నాకు మాత్రం అద్లియా నుంచి హమద్ టౌన్ వచ్చేలోపే వచ్చేసింది.

కారు తోలేది గౌస్ భాయ్, నిజామాబాద్ మనిషి. నా సంగతులన్నీ అతనితోనే చెప్పుకునేదాన్ని. మామా దిగి లోపలికెళ్ళాక నా ఆలోచన చెప్పాను.

"ఛుట్టీ కావాలంటే మామాతోని అడిగిపియ్యక్కా. ఆయన కలేజా జోలికి ఎందుకు పోతున్నవ్?"

"బండి మొరాయిస్తే ఇంజనేగా నువ్వు విప్పేది?"

"ఇప్పుత. కానీ నడుస్తుంటే ఇప్పను."

నవ్వుకుని వెళ్ళిపోయాను. చదువుకోనివాళ్ళతో వాదన ఎందుకని. నేనేదో పెద్ద చదివినట్టు.

మొదట ఏసీ మీద పడ్డాను. బహ్రెయిన్‌లో వసంతం అంటే మనలాగ కోయిలలూ మామిడిపూతా అనుకోకు. చలికాలం సామాన్ సర్దుకుని బయటికెళ్తుంటే ఎండాకాలం గుమ్మంలోనే ఎదురొస్తుంది. వాళ్ళిద్దరూ పలకరించుకునే ఆ కాస్తసేపే వసంతం. అలాంటి మధ్యాహ్నం బాబా అన్నం తిని హాల్లో గురక పెడుతున్నాడు. మెడమీద ఏసీ గాలి తిన్నగా కొడుతోంది. మునివేళ్ళమీద వెళ్ళి ఏసీ ఆపి, కిటికీ మూసి, మామా ఉన్ని శాలువా తెచ్చి మెడ చుట్టూ కప్పేసి వచ్చాను. బాలింత పక్కన కూడా అంత జాగ్రత్తగా నడవలేదెప్పుడూ.

లేచేసరికి ఆ మనిషి ఇడ్లీ పాత్రలోంచి తీసినట్టున్నాడు. ఆవిర్లు.

"ఏసీ ఎవరు ఆపారు?"

"కరెంటు పోయింది బాబా."

"కరెంటు పోతే ఆ ఫ్రిజ్ ఎందుకు గుర్రుమంటోంది?"

"ఇప్పుడే వచ్చింది బాబా."

"శాలువా? అది కూడా కరెంటే కప్పిందా?"

తిట్లు మామూలే. నేను లోపల్లోపల అనుకున్నాను, పాపం, ముదిరిపోయింది, మందు పెంచాలి.

ఇంక పూల టీ. మామా పొట్లం మామా దాచుకుంది. ఒకసారి తెరిచి చూశాను కదా, అవి ఎండబెట్టిన చామంతులే. ఓస్, చామంతులా అనుకున్నాను. శుక్రవారం మనామా గుడి దగ్గర కొన్న చామంతి దండ నా గదిలో దేవుడి పటానికి వేసి ఉంది. మర్నాడు తీసి మేడమీద ఎండేసి, టీపొడితో కలిపి మరిగించి, పంచదార దండిగా వేసి ఇచ్చాను. దేవుడి మీంచి తీసిందీ, చైనా మందూ, రెండూ కలిస్తే ఇంక తిరుగేముంది?

బాబా ఒక గుక్క తాగాడు. మొహం అదోలా పెట్టాడు. నోట్లో వేళ్ళు పెట్టి ఏదో లాగడం మొదలెట్టాడు. లాగుతున్నాడు, లాగుతున్నాడు, అవడం లేదు.

"లక్ష్మీ, చాయ్‌లో దారం ఉందేంటి?"

"కొత్తరకం టీ బాబా, సంచీతో వస్తుంది, దానిదయ్యుంటుంది."

ఆ మాటకి బాబా కప్పు నాకేసి తోసేశాడు. అప్పుడైనా ఆపాల్సింది నేను. ఆపితే నీకు ఇవాళ రాసుకోవడానికేం ఉండేది?

అసలు ఘోరం మరుసటి శుక్రవారం. బాబా వాళ్ళ అన్నగారు, చుట్టాలు, స్నేహితులు మధ్యాహ్నం భోజనానికొచ్చారు. వాళ్ళకి మచ్‌బూస్ వండాలి. మన పులావుకి పెదనాన్న లాంటిది అది. అందులో లూమీ అని ఎండిపోయి నల్లబడిన నిమ్మకాయలు వేస్తారు. పులుసులో మనకి చింతపండు ఎంతో, మచ్‌బూస్‌లో వాళ్ళకి లూమీ అంత. మరి డాక్టరమ్మ పులుపు వద్దంది కదా. తీసేశాను. ఆకుకూరలు బాగా అంది కదా. ఇంట్లో ఉన్న పాలకూర, కొత్తిమీర, మెంతికూర మొత్తం నూరి అన్నంలో కలిపాను. తియ్యటిది కాస్త అంది కదా. ఖర్జూరాలు పిసికి రసం పోశాను. మూత తీస్తే చెరువులో నాచు పట్టిన గట్టులా ఉంది. అయినా దాన్ని చూసి మురిసిపోయాను. ఇంతమంది కార్జాలు ఒకే దెబ్బకి చల్లబడిపోతున్నాయని.

పళ్ళెం పట్టుకెళ్ళి మధ్యలో పెట్టి తలుపు చాటున నిలబడ్డాను. అన్నగారు ముసలాయన, మొదటి ముద్ద ఆయన తీసుకోవాలి. తీసుకున్నాడు. నమిలాడు. ఇంకాస్త నమిలాడు. తమ్ముడి వైపు తిరిగి మెల్లిగా అడిగాడు, "ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాలేదా?"

"లేదే. ఎందుకు?"

"ఏం లేదు. గొర్రెని వండమంటే, గొర్రె తిన్న మేత కూడా కలిపి వండింది మీ మనిషి."

గది గదంతా గొల్లుమంది. ఒకాయనకి పొలమారింది కూడా. బాబా ఒక్కడే నవ్వలేదు. లేచి వంటింట్లోకొచ్చి తలుపేశాడు.

"లూమీ ఏది?"

"డబ్బాలో ఉంది బాబా."

"అన్నంలో ఎందుకు లేదు?"

ఇంక దాచి లాభం లేదనిపించింది. "మీ కార్జం కోసం బాబా" అన్నాను.

"నా కార్జానికేమైంది?"

"పొంగింది బాబా. వసంతం కదా. అందుకే మీకు కోపం. చైనా డాక్టరమ్మ చెప్పింది."

"నా గురించి చెప్పిందా?"

"మీ గురించి కాదు. అందరి గురించీ. నేను మీకు సరిపెట్టాను."

"అయితే ఆ ఏసీ?"

"మెడకి గాలి తగలకూడదు బాబా."

"చాయ్‌లో దారం?"

"అదొక్కటీ పొరపాటు బాబా. దండ తెంపేటప్పుడు చూసుకోలేదు, పూలతో పాటు దారం కూడా వచ్చేసింది."

"ఏం దండ?"

ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం నోరు మెదపలేదు. నీ అమ్మమ్మకి ఆ మాత్రం తెలివి ఉంది.

బాబా బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. అరుస్తాడని కళ్ళు మూసుకున్నాను. అరవలేదు. కళ్ళు తెరిచి చూస్తే నవ్వుతున్నాడు.

"అసలు నా కోపం తగ్గించాలని ఎందుకు అనిపించింది నీకు?"

"కూతురి కాన్పుకి సెలవు ఇస్తారని బాబా."

"ఓ. అదా." లేచి నా భుజం తట్టాడు. "వెళ్ళు లక్ష్మీ. ఈ వారమే వెళ్ళు. టికెట్ నేనే తీస్తాను. యల్లా, పెట్టె సర్దుకో."

నా సంతోషం చూడాలి నువ్వు. సెలవొచ్చినందుక్కాదు, వైద్యం ఫలించినందుకు. మామాకి చెప్పాను. పక్కింటి పనిమనిషిని పిలిచి మరీ చెప్పాను. "మీ కఫీల్‌కి కూడా కోపమా? నన్నడుగు" అన్నాను. చైనా డాక్టరమ్మ పక్కన ఒక బల్ల వేసుకుని కూర్చోవడమే తరువాయి.

ఎయిర్‌పోర్టుకి గౌస్ భాయ్ దిగబెట్టాడు. నా చేతిలో చిన్న పెట్టె ఒక్కటే చూసి, "మిగిలిన సామాన్ ఏదక్కా?" అన్నాడు.

"గదిలోనే ఉంది. చీరలూ, గిన్నెలూ, నా గ్రైండరూ. కాన్పై పిల్లకి ఒళ్ళు కుదురుకోగానే వచ్చేస్తాగా. చూశావా మరి, కార్జం చల్లబడితే మనిషి ఎలా మారిపోతాడో."

గౌస్ భాయ్, బాబా తన చేతికిచ్చి పంపిన నా పాస్‌పోర్టులోంచి టికెట్ తీసి విప్పి చూపించాడు.

"అక్కా, దీన్ల పోవుడే ఉన్నది. అచ్చుడు లేదు."

"అంటే?"

"వీసా కూడా ఖలాస్ చేసిండు. నిన్న కాయితాలు నాతోనే పంపిండు. నువ్వు ఇంకొన్ని దినాలుంటే ఆయన పానం తీస్తవని భయపడ్డడక్కా."

అదీ సంగతి. ఇన్నేళ్ళు వంచిన నడుముకి రానిది, కన్నీళ్ళు పెట్టుకుని అడిగితే రానిది, పచ్చటి అన్నం ఒక్క పూట పెడితే వచ్చేసింది. ఆ ఊఁ కోసం నేను పడ్డ పాట్లన్నీ వదిలేసి, మొదటిరోజే మచ్‌బూస్ చెడగొట్టి ఉంటే సరిపోయేది. నా గ్రైండరు మాత్రం అక్కడే ఉండిపోయింది. దానిమీద ఇప్పుడు ఎవరు ఏం రుబ్బుకుంటున్నారో.

ఇప్పుడు నే చెప్పేది పెద్ద అక్షరాలతో రాయి. దేవుడి వైపు తిరిగి ప్రమాణం చేసి చెబుతున్నాను: నా కాయితం ఎవరి బీరువాలో ఉందో వాళ్ళ కార్జం పొంగినా, పొర్లినా, పొయ్యి మీద పడ్డా, నేను మూత తియ్యను, మూత పెట్టను, అటువైపు తొంగిచూడను. ఒకవేళ ఎప్పుడైనా మళ్ళీ ఒకరికి వైద్యం చెయ్యాలని బుద్ధి పుడితే, ముందు నా సామానంతా సర్దుకుని, గుమ్మం బయట పెట్టుకుని, అప్పుడు మొదలెడతాను.